ఈ-వేలంలో సరుకు వివరణ: విస్తరణ విద్య చేరుకోవలసిన చివరి మెట్టు

వ్యవసాయ విస్తరణ కార్యక్రమాలు విత్తన ఎంపికతో మొదలై సస్యరక్షణ, కోత, నూర్పిడి, ఆరబెట్టడం వరకు రైతు వెన్నంటి నడుస్తాయి. పంట బస్తాలకెక్కిన తరువాత మాత్రం శాస్త్రవేత్త పక్కకు తప్పుకుంటాడు. ఆపైన జరిగేదంతా మార్కెటింగ్ శాఖ పని అనే భావన మనలో స్థిరపడిపోయింది. సరుకును రాశిగా పోసి, వ్యాపారి గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకొని, కొరికి చూసి ధర పలికే రోజుల్లో ఈ విభజన వలన పెద్దగా నష్టం కలగలేదు. నేడు వేలం కంప్యూటరు తెర మీదికి, చేతిలోని ఫోను మీదికి వచ్చింది. అక్కడ దూరప్రాంత కొనుగోలుదారునికి కనబడేది సరుకు వివరణ మాత్రమే. ఆ వివరణ ఎవరు రాస్తున్నారు, ఎలా రాస్తున్నారు, అందులో ఏమి ఉండాలి అన్న ప్రశ్నలకు మన విస్తరణ సాహిత్యంలో తగినంత చోటు లేదు. సరుకు వివరణను తయారు చేయడం కూడా విత్తనశుద్ధి వంటి ఒక సాంకేతిక ప్రక్రియేనని, దానిని రైతులకు, విద్యార్థులకు పద్ధతి ప్రకారం నేర్పవలసిన బాధ్యత విస్తరణ వ్యవస్థదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. నిజామాబాద్ జిల్లా కోటగిరి మండల పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

రాశి ముందు వేలం నుంచి తెర మీద వేలం వరకు

2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, ప్రారంభమైంది. తెలంగాణ నుంచి తొలి విడతలోనే చేరిన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. 2020 మే నాటికి దేశవ్యాప్తంగా ఈ వేదికతో అనుసంధానమైన మార్కెట్ల సంఖ్య వెయ్యికి చేరింది. మార్కెట్ గేటు వద్ద సరుకు నమోదు, లాటు సంఖ్య కేటాయింపు, నాణ్యత పరీక్ష, ఎలక్ట్రానిక్ పద్ధతిలో ధర కోట్ చేయడం, తూకం, చెల్లింపు అనేవి ఇందులోని దశలు. వచ్చిన ధర నచ్చకపోతే తిరస్కరించే హక్కు రైతుకు ఉన్నది.

మన చర్చకు మరింత ముఖ్యమైన మార్పు 2020 ఏప్రిల్‌లో వచ్చింది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ సేకరణ కేంద్రం నుంచే సరుకు ఫొటోలను, నాణ్యత వివరాలను వేదిక మీద నమోదు చేసి, సరుకును మార్కెట్ యార్డుకు తరలించకుండానే వేలానికి పెట్టే సదుపాయం అప్పుడు ప్రవేశపెట్టబడింది. నమోదిత గిడ్డంగులలో నిల్వ ఉన్న సరుకును ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదు ఆధారంగా అమ్మే ఏర్పాటు కూడా అదే సమయంలో వచ్చింది. ఈ రెండు సదుపాయాలలోను కొనేవారు సరుకును కళ్లారా చూడకుండానే ధర చెప్పవలసి ఉంటుంది. కనుక సరుకు వివరణలోని ప్రతి మాటకు, ప్రతి అంకెకు ధర మీద ప్రభావం ఉంటుంది.

అయినప్పటికీ యార్డులలో సాధారణంగా కనబడే ఆచరణ వేరు. లాటు సంఖ్య, సరుకు పేరు, బస్తాల సంఖ్య తప్ప తెర మీద మరేమీ ఉండదు. వ్యాపారులు యార్డులో తిరిగి రాశులను చూసుకొని, తరువాత ఫోనులో ధర నమోదు చేస్తారు. అంటే వేలం యంత్రం మారింది గాని, సమాచారం చేరే దారి మారలేదు. యార్డుకు రాగలిగినవారే ధర చెప్పగలుగుతున్నప్పుడు, వేలాన్ని దేశవ్యాప్తం చేసిన ప్రయోజనం రైతుకు అందడం లేదని గ్రహించాలి.

కోటగిరి రైతుకు ఈ విద్య ఎందుకు అలవడలేదు

మంజీర నది మీద 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ఆయకట్టు ఈ ప్రాంతపు వ్యవసాయ స్వరూపాన్ని నిర్ణయించింది. వరి, చెరకు ఇక్కడి ప్రధాన పంటలుగా స్థిరపడ్డాయి. చెరకుకు బోధన్‌లోని చక్కెర కర్మాగారమే గమ్యం. నిర్ణయించిన ధరకు, నిర్ణయించిన కర్మాగారానికి చెరకు తోలే రైతు తన సరుకును ఎవరికీ వర్ణించి చెప్పుకోవలసిన పని లేదు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. వరి విషయానికి వస్తే, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉన్నదా, తాలు తీశారా అన్నవే ప్రధానమైన ప్రశ్నలు. ఒకే రకానికి చెంది, ప్రమాణానికి లోబడిన ధాన్యానికంతటికీ ధర ఒక్కటే. ప్రమాణం కంటే మెరుగ్గా ఆరబెట్టిన రైతుకు అక్కడ అదనంగా వచ్చేదేమీ లేదు.

దశాబ్దాల తరబడి ఒకే కొనుగోలుదారునికి లేదా ఒకే ధరకు అమ్మిన ప్రాంతంలో సరుకును వివరించే విద్య పెరగకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది రైతు లోపం కాదు. అవసరం పడని నైపుణ్యం ఎవరికీ అలవడదు. కాని వర్షాధార భూములలో సోయాచిక్కుడు, జిల్లా తూర్పు భాగాన పసుపు, అన్ని చోట్లా మొక్కజొన్న వంటి పంటలకు ధర నాణ్యతను బట్టి, కొనుగోలుదారుల సంఖ్యను బట్టి మారుతుంది. కోటగిరి మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్నది. సోయా వ్యాపారానికి పేరున్న లాతూర్ వంటి మార్కెట్లలోని మిల్లుదారుడు ఇక్కడి సరుకుకు ధర చెప్పాలంటే అతనికి ముందుగా అందవలసింది నమ్మదగిన వివరణ. అది లేనప్పుడు మధ్యవర్తి మాటే వివరణ అవుతుంది. ఆ మాటకు అయ్యే ఖర్చు రైతు ధరలోనే కోత పడుతుంది. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అనే సామెత పుట్టింది ఇటువంటి స్థితిలోనే.

అర్థశాస్త్రం చెబుతున్నదేమిటి

సమాచార లోపం మార్కెట్‌ను ఎలా దెబ్బతీస్తుందో జార్జ్ అకర్‌లాఫ్ 1970లో ప్రచురించిన పరిశోధన పత్రంలో పాత కార్ల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించాడు. మంచి సరుకును, నాసిరకం సరుకును వేరు చేసి చూసే మార్గం కొనేవారికి లేనప్పుడు వారు సగటు నాణ్యతకు తగిన ధర మాత్రమే చెబుతారు. ఆ ధర మంచి సరుకుకు గిట్టదు. నాసి సరుకుకు ఎక్కువే అవుతుంది. క్రమంగా మంచి సరుకు మార్కెట్ నుంచి తప్పుకుంటుంది. 2001లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ పరిశోధకుని సిద్ధాంతం మన యార్డులకు యథాతథంగా వర్తిస్తుంది. శ్రద్ధగా ఆరబెట్టి, జల్లెడ పట్టిన రైతుకు, నూర్చిన కల్లం నుంచి నేరుగా బస్తాలకెత్తిన రైతుకు ఒకే ధర వస్తే, మరుసటి సంవత్సరం మొదటి రైతు కూడా ఆ శ్రమ మానుకుంటాడు. కోత అనంతర యాజమాన్యం మీద మనం ఇచ్చే శిక్షణలు ఎందుకు నిలబడడం లేదో ఇక్కడ కొంతవరకు అర్థమవుతుంది.

వేలాల విషయంలో మరింత సూటియైన సమాధానం పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ వెబర్‌లు 1982లో ఇచ్చారు. ఒక సరుకు విలువ కొనుగోలుదారులందరికీ కొంతవరకు ఉమ్మడిగా ఉన్నప్పుడు, అమ్మకందారుడు తన దగ్గరున్న సమాచారాన్ని మంచిచెడులతో సహా ఎప్పుడూ బయటపెట్టడమే విధానంగా పెట్టుకుంటే సగటు మీద అతని రాబడి పెరుగుతుందని వారు నిరూపించారు. దీని వెనుక ఉన్న తర్కం సులభమైనదే. వేలంలో గెలిచినవాడు తరచుగా సరుకు విలువను అందరికంటె ఎక్కువగా అంచనా వేసినవాడే అయి ఉంటాడు. ఆ సంగతి తెలిసిన అనుభవజ్ఞులు నష్టభయంతో తమ ధరను ముందుగానే తగ్గించి చెబుతారు. సమాచారం పెరిగిన కొద్దీ ఆ భయం తగ్గి, ధరల మధ్య పోటీ నిజమైన విలువకు చేరువవుతుంది. మిల్‌గ్రామ్‌కు, రాబర్ట్ విల్సన్‌కు వేలాల సిద్ధాంతం మీద చేసిన కృషికి 2020లో నోబెల్ బహుమతి లభించింది.

ఆన్‌లైన్ వేలాలలో దీనికి ఆచరణాత్మకమైన నిదర్శనం కూడా ఉన్నది. 1995లో ప్రారంభమైన ఈబే వేదిక మీద పాత కార్ల వేలాలను గ్రెగరీ లూయిస్ అధ్యయనం చేసి 2011లో ఫలితాలు ప్రకటించాడు. అమ్మకందారులు ఫొటోల ద్వారా, రాతపూర్వక వివరణ ద్వారా వెల్లడించిన సమాచారం ధరలను బలంగా ప్రభావితం చేస్తున్నదని అందులో తేలింది. ఆ అధ్యయనంలో మనకు ఉపయోగపడే అంశం మరొకటి ఉన్నది. వివరణ అనేది అమ్మకందారునికి, కొనుగోలుదారునికి మధ్య ఒక ఒప్పందం వంటిది. ఇచ్చిన మాట తప్పితే నిలదీయగల అవకాశం ఉన్నప్పుడే ఆ మాటకు విలువ. కనుక వివరణను ప్రకటనగా భావించరాదు. హామీ పత్రంగా భావించాలి.

తేమ శాతం: ఒక చిన్న లెక్క

వివరణ విలువను రూపాయలలో చూపడానికి తేమ శాతం అనువైన ఉదాహరణ. సోయాచిక్కుడుకు మద్దతు ధర కొనుగోళ్లలో సాధారణంగా పాటించే తేమ పరిమితి 12 శాతం. వంద క్వింటాళ్ల సరుకులో 12 శాతం తేమ ఉంటే అందులో పొడి పదార్థం 88 క్వింటాళ్లు. రైతు 10 శాతం వరకు ఆరబెట్టిన వంద క్వింటాళ్ల సరుకులో అయితే పొడి పదార్థం 90 క్వింటాళ్లు. 12 శాతం ప్రాతిపదిక మీద అది 102.27 క్వింటాళ్లకు సమానం. తేమ 14 శాతం ఉన్న వంద క్వింటాళ్లు అదే ప్రాతిపదిక మీద 97.73 క్వింటాళ్లతో సమానం.

2024-25 మద్దతు ధర అయిన క్వింటాలుకు 4,892 రూపాయల లెక్కన చూస్తే, 10 శాతానికి ఆరబెట్టిన రైతు ఆ సంగతి చెప్పకుండా అమ్మినప్పుడు ప్రతి వంద క్వింటాళ్లకు సుమారు 11,100 రూపాయల విలువైన పొడి పదార్థాన్ని ఉచితంగా ఇచ్చివేస్తున్నాడు. మరోవైపు, తేమ ఎంతో తెలియని కొనుగోలుదారుడు 14 శాతం ఉండవచ్చునని భయపడితే అంతే మొత్తాన్ని ముందుగానే తగ్గించుకొని ధర చెబుతాడు. ఈ రెండూ కలిస్తే తేడా 22,000 రూపాయలు దాటుతుంది. ఈ తేడాను పూడ్చడానికి కావలసినది సరిచూసిన తేమ మీటరు, మచ్చు తీసే క్రమశిక్షణ, ఒక వాక్యం. దిగుబడిని రెండు శాతం పెంచే సాంకేతికత కోసం సంవత్సరాల తరబడి క్షేత్ర పరిశోధనలు చేసే మనం ఈ ఒక్క వాక్యాన్ని నిర్లక్ష్యం చేయడం సమంజసం కాదు.

మంచి వివరణ లక్షణాలు

మొదటిది, లాటు ఏకరూపత. వివరణ సరిగా ఉండాలంటే ముందు సరుకు ఒకే తీరుగా ఉండాలి. వానకు తడిసిన పదిహేను బస్తాలను మంచి సరుకుతో కలిపితే మొత్తం లాటు తడిసిన లాటుగానే ధర పలుకుతుంది. విడివిడి లాటులుగా పెట్టి, విడివిడిగా వివరించడమే మేలు. సంఘాలు చిన్న రైతుల సరుకును కలిపేటప్పుడు కూడా రకాన్ని, తేమను, రంగును బట్టి వేరుచేసిన తరువాతనే కలపాలి.

రెండవది, మచ్చు. వివరణలోని అంకెలన్నీ మచ్చు మీద ఆధారపడతాయి. పై బస్తాలోని పై గింజలను పరీక్షించి రాసిన అంకె ఎంత శాస్త్రీయంగా కనిపించినా అబద్ధమే. లాటులో వేర్వేరు చోట్ల ఉన్న బస్తాల నుంచి, ప్రతి బస్తాలోను పైన, మధ్య, అడుగున బొంగు గొట్టంతో మచ్చు తీయాలి. అన్నింటినీ కలిపి కుప్పగా పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను ఉంచుకొని మిగిలినవి తీసివేస్తూ కావలసిన పరిమాణానికి తేవాలి. ఒక భాగాన్ని సీలు వేసి, తేదీతో భద్రపరచాలి. రేపు వివాదం వస్తే రైతు పక్షాన నిలిచే సాక్షి అదే.

మూడవది, అంకెలు. ‘మంచి సరుకు’, ‘నంబర్ వన్ మాల్’, ‘బాగా ఆరినది’ వంటి మాటలు కొనుగోలుదారునికి ఏ సమాచారమూ ఇవ్వవు. ఎందుకంటే నాసి సరుకు అమ్మేవాడు కూడా అవే మాటలు రాస్తాడు. ఎవరు పడితే వారు రాయగల విశేషణం కంటే, కొలిచినవారు మాత్రమే రాయగల అంకె విలువైనది.

నాలుగవది, లోపాల వెల్లడి. సెప్టెంబరు-అక్టోబరులలో కోతకు వచ్చిన సోయా మీద వాన పడితే గింజ రంగు మారుతుంది. దానిని దాచిపెట్టిన వివరణ సరుకు దించే వేళకు బయటపడుతుంది. అప్పుడు జరిగేది ధర తగ్గింపు, తూకంలో కడ్తా, లేదా తిరస్కారం. పైగా ఈ బేరమంతా బస్తాలు లారీకెక్కిన తరువాత, రైతుకు మరో దారి లేని సమయంలో జరుగుతుంది. ముందే చెప్పిన లోపానికి తగ్గే ధర కంటే, తరువాత బయటపడిన లోపానికి కోసే ధర ఎక్కువ.

ఐదవది, ఫొటో. పగటి వెలుతురులో, నీడ పడకుండా, తెల్లని లేదా బూడిద రంగు గుడ్డ మీద సరుకును పలుచగా పరచి తీయాలి. పక్కన కొలబద్ద, లాటు సంఖ్య రాసిన చీటీ ఉండాలి. మొత్తం నిల్వ కనిపించే చిత్రం ఒకటి, దగ్గరి నుంచి మచ్చు చిత్రం ఒకటి, లోపమున్న గింజలను వేరుచేసి చూపే చిత్రం ఒకటి చాలు. రంగును మెరుగుపరచే ఫోను సదుపాయాలను వాడరాదు.

ఆరవది, అప్పగింత షరతులు. సరుకు ఎక్కడ ఉన్నది, లారీ వెళ్లే దారి ఉన్నదా, తూకం ఏ కాంటా మీద, గోనె సంచులు, హమాలీ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులలో తీసుకువెళ్లాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. దూరప్రాంత వ్యాపారి వెనుకాడేది చాలాసార్లు సరుకు నాణ్యత గురించి కాదు, ఈ చిల్లర ఖర్చుల అనిశ్చితి గురించి.

ఈ లక్షణాలను ఒకచోట చూపడానికి ఒక నమూనా కల్పించి చూద్దాం. ‘సోయా, మంచి రకం, బాగా ఆరినది, సుమారు వంద బస్తాలు’ అన్నది నేడు తరచుగా కనిపించే తీరు. దాని స్థానంలో ఇలా ఉండవచ్చును:

‘సోయాచిక్కుడు, జేఎస్ 335 రకం, 48 క్వింటాళ్లు, 50 కిలోల చొప్పున 96 బస్తాలు, ఒకే లాటు. తేమ 10.8 శాతం, మచ్చు 12 బస్తాల నుంచి తీసినది, పరీక్ష తేదీ జతచేయబడినది. చెత్త, మట్టి 1.2 శాతం, పగిలిన గింజలు 4 శాతం, ముడుచుకున్నవి, పచ్చివి 2 శాతం. కోత సమయంలో ఒకసారి వాన తగిలినందున 3 శాతం గింజలపై మచ్చ ఉన్నది; బూజు, ముక్క వాసన లేవు. యంత్రంతో నూర్చి, జల్లెడ పట్టినది. నూనె మిల్లుకు అనువైనది; విత్తనంగా అమ్మడం లేదు. సరుకు కోటగిరిలో సంఘం గోదాములో ఉన్నది; లారీ లోపలికి వస్తుంది. గోనె సంచులు, ఎగుమతి హమాలీ అమ్మకందారుని ఖర్చు. సీలు వేసిన మచ్చు భద్రంగా ఉన్నది.’

ఇందులో పొగడ్త మాట ఒక్కటి కూడా లేదు. అయినా చదివిన మిల్లుదారునికి సరుకు కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ‘విత్తనంగా అమ్మడం లేదు’ అన్న మాట కూడా అవసరమే. ధ్రువీకృత సోయా విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలి. పరీక్షించని సరుకును ఆ ఆశతో ఎవరైనా కొంటే వివాదం తప్పదు.

పసుపు విషయంలో అదనపు జాగ్రత్త

నిజామాబాద్ మార్కెట్‌కు పేరు తెచ్చిన పసుపుకు వివరణ మరింత కీలకం. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ఇక్కడ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు పసుపు మీద దూరప్రాంత కొనుగోలుదారుల దృష్టి పెరిగే అవకాశం ఉన్నది. కాడి, మండ, చూర అని వేరుచేయడం మన మార్కెట్‌లో పాత ఆచారమే. కాని నేటి కొనుగోలుదారుడు అడిగే ప్రశ్నలు అంతటితో ఆగవు. రకం ఏది, కర్క్యుమిన్ ఎంత, ఎన్ని రోజులకు తవ్వారు, ఉడికించినది దేనిలో, మెరుగు పెట్టేటప్పుడు ఏదైనా రంగు కలిపారా అని అడుగుతాడు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపు కొమ్ములలో తేమ 12 శాతానికి, పొడిలో 10 శాతానికి మించరాదు. పొడిలో కర్క్యుమినాయిడ్లు కనీసం 2 శాతం ఉండాలి. లెడ్ క్రోమేట్ ఉండనే కూడదు.

పైపూత మెరుపు ఫొటోలో అందంగా కనిపిస్తుంది గనుక పసుపు విషయంలో ఫొటోయే మోసం చేయగలదు. అందువలన కొమ్మును విరిచి లోపలి రంగును చూపే చిత్రం తప్పనిసరి. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ నుంచి సేకరించిన పసుపు నమూనాలలో 47 శాతం వాటిలో సీసం కనబడగా, పరీక్షలు, జరిమానాలు, ప్రజా ప్రచారం ఫలితంగా 2021 నాటికి అది సున్నాకు చేరినట్లు పరిశోధకులు ప్రకటించారు. కొనేవారి భయం నిరాధారమైనది కాదనీ, అయితే తొలగించలేనిది కూడా కాదనీ ఈ అనుభవం చెబుతున్నది. ‘మెరుగులో ఏ రంగూ వాడలేదు’ అనే వాక్యాన్ని పరీక్ష నివేదికతో కలిపి ఇవ్వగలిగిన సంఘానికి ఆ వాక్యమే పెట్టుబడి.

ఎదురయ్యే అభ్యంతరాలు

వ్యాపారులు ఎలాగూ యార్డుకు వచ్చి చూసుకుంటారు గదా, రాత ఎందుకు అని కొందరు ప్రశ్నించవచ్చును. చూడడానికి రాగలిగినవారికి వివరణ అవసరం తక్కువే. కాని రాలేనివారిని పోటీలోకి తేవడమే ఎలక్ట్రానిక్ వేలం ఉద్దేశం. పోటీలో ఒక్క మనిషి పెరిగినా స్థానికులు ధర చెప్పే తీరు మారుతుంది.

లోపాలు రాస్తే ధర పడిపోతుందన్నది రెండవ అభ్యంతరం. ఒక్క లాటును మాత్రమే చూస్తే ఇది కొన్నిసార్లు నిజం కావచ్చును. కాని రైతు సంఘం ఏటా అదే వేదిక మీద అమ్మవలసి ఉంటుంది. లోపం చెప్పే సంఘం ‘లోపం లేదు’ అని రాసినప్పుడు ఆ మాటను నమ్ముతారు. ఎప్పుడూ లోపం చెప్పని సంఘం మాటను ఎప్పుడూ నమ్మరు.

ఐదు బస్తాల రైతు ఇదంతా చేయలేడన్నది మూడవది, అన్నింటిలోను బలమైనది. నిజమే, పరీక్ష ఖర్చు, సమయం చిన్న లాటుకు గిట్టవు. అందుకే ఈ పనిని వ్యక్తిగత రైతు మీద మోపకుండా సంఘం స్థాయిలో, క్లస్టరు స్థాయిలో నిర్వహించాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఈ-వేలం వలన వచ్చే లాభమంతా పెద్ద రైతులకే పరిమితమయ్యే ప్రమాదం ఉన్నది.

నాలుగవది, వివరణ ఒక్కటే చాలదన్న విమర్శ. ఇది అంగీకరించదగినదే. కర్ణాటకలోని ఏకీకృత మార్కెట్ వేదిక మీద 2020లో వెలువడిన అధ్యయనం వరికి 5.1 శాతం, వేరుశనగకు 3.6 శాతం, మొక్కజొన్నకు 3.5 శాతం మేర ధరలు పెరిగినట్లు గుర్తించింది. మరికొన్ని పంటలలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. రవాణా ఇబ్బందులు, వేలం నిర్వహణ తీరు, కొద్దిమంది వ్యాపారుల చేతిలో మార్కెట్ కేంద్రీకృతం కావడం ఈ తేడాకు కారణాలుగా పేర్కొనబడ్డాయి. ముగ్గురు వ్యాపారులు కూడబలుక్కున్న యార్డులో ఎంత చక్కని వివరణ అయినా నిస్సహాయమే. అయితే ఆ ముగ్గురి పట్టు సడలాలంటే నాలుగవవాడు బయటి నుంచి రావాలి; అతడు రావాలంటే వివరణ కావాలి.

విస్తరణ వ్యవస్థ చేయవలసినది

కోటగిరికి పొరుగునే ఉన్న రుద్రూరులో కృషి విజ్ఞాన కేంద్రం, చెరకు-వరి పరిశోధన స్థానం, ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల ఉన్నాయి. పసుపుకు కమ్మర్‌పల్లిలో పరిశోధన స్థానం ఉన్నది. తేమ, నూనె శాతం, కర్క్యుమిన్ పరీక్షలు తెలిసిన నిపుణులు, వాటిని నేర్చుకుంటున్న విద్యార్థులు, ఆ పరీక్షలు అవసరమైన రైతులు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు అరుదు. వీరిని కలిపే చిన్న ఏర్పాటు మాత్రమే మిగిలి ఉన్నది.

ఐదు వేల ఎకరాల క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక అనే నిర్మాణం తెలంగాణలో ఇప్పటికే ఉన్నది. ప్రతి రైతు వేదికలో సరిచూసిన తేమ మీటరు, చిన్న తక్కెడ, జల్లెడల సమితి, మచ్చు గొట్టం, సీలు సంచులు, ఫొటో తీయడానికి తగిన బల్ల ఉండాలి. వీటి ఖర్చు ఒక ప్రదర్శనా క్షేత్రం ఖర్చు కంటే ఎక్కువ కాబోదు. వరి కోతల హడావుడిలో మీటరు ఎవరి దగ్గర ఉన్నదో తెలియని పరిస్థితి రాకుండా బాధ్యుని ముందుగానే నిర్ణయించాలి.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే ప్రతి విద్యార్థి కనీసం మూడు లాటులకు మచ్చు తీసి, పరీక్షించి, వివరణ రాసి, అమ్మకం పూర్తయ్యే వరకు వెంబడించి నివేదిక సమర్పించడం తప్పనిసరి చేయాలి. నేల పరీక్షకు మట్టి నమూనా తీయడం నేర్పినట్లే, మార్కెట్ పరీక్షకు సరుకు మచ్చు తీయడం నేర్పాలి. వివరణను తెలుగుతోపాటు హిందీలోను, మరాఠీలోను రాయించడం సరిహద్దు మండలాలకు ఎంతో ఉపకరిస్తుంది.

పరిశోధకులకు కూడా ఇక్కడ ఒక స్పష్టమైన ప్రశ్న ఉన్నది. ఒకే నాణ్యత గల లాటులను యాదృచ్ఛిక పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పూర్తి వివరణను, మరొక వర్గానికి ప్రస్తుత పద్ధతిలోని వివరాలను మాత్రమే ఇచ్చి వేలం వేయవచ్చును. ధర చెప్పినవారి సంఖ్య, గెలిచిన ధర, తరువాత జరిగిన కోతలు పోగా రైతు చేతికి వచ్చిన నికర సొమ్ము, వివాదాల సంఖ్య అనే నాలుగు అంశాలను కొలవాలి. తెర మీది ధరను మాత్రమే కొలిచి సంతృప్తి పడరాదు. కడ్తా, తరుగు పేరిట ఆ ధర ఎంత కరిగిందో కొలిచినప్పుడే అసలు ఫలితం తెలుస్తుంది. వివరణ వలన ప్రయోజనం లేదని తేలితే అది కూడా విలువైన ఫలితమే. అప్పుడు మన దృష్టిని వ్యాపారుల సంఖ్య మీదికి, రవాణా మీదికి మళ్లించవచ్చును.

చివరగా బాధ్యత విషయం. వివరణ పత్రం మీద సంతకం ఎవరిది? విస్తరణ అధికారి సహకరించాలి గాని హామీదారుడు కారాదు. అంకె పరీక్షది, మాట సంఘానిది కావాలి. తప్పుడు వివరణ ఇచ్చిన సభ్యుని లాటును తరువాతి సీజనులో ఉమ్మడి అమ్మకం నుంచి తొలగించే నియమాన్ని సంఘమే రాసుకోవాలి. ఒక్కరి అతిశయోక్తికి అందరి పేరు బలి కాకుండా కాపాడేది ఆ నియమమే.

వానాకాలం సోయా మార్కెట్‌కు రావడానికి ముందు ఒక్క క్లస్టరులోనైనా ఈ పద్ధతిని ఆరంభించడానికి కొత్త చట్టం గాని, పెద్ద నిధి గాని అవసరం లేదు. రైతు ఆరు నెలలు పండించిన పంట ధర కొన్ని గంటల వేలంలో తేలిపోతుంది. ఆ కొన్ని గంటలలో అతని పక్షాన మాట్లాడేది తెర మీది నాలుగు వాక్యాలే. వాటిని నిజాయితీగా, కొలతలతో రాయగల సామర్థ్యాన్ని రైతుకు అందించినప్పుడే విత్తనంతో మొదలైన మన విస్తరణ పని పూర్తి అవుతుంది.